వేల్స్‌లోని లాండుడ్నోకి కోచ్ హాలిడే బుక్ చేసే ముందు ఇది చదవండి, ముఖ్యంగా పెద్దవాళ్ళని తీసుకెళ్తుంటే

నిన్న రాత్రే ఇంటికొచ్చాం. సూట్‌కేసులు ఇంకా విప్పలేదు. కోపం తగ్గాక రాద్దామనుకున్నాను కానీ ఈలోపు ఇంకెవరో అదే కంపెనీకి డబ్బు కట్టేస్తారని ఇప్పుడే రాస్తున్నాను. పేరు పెట్టట్లేదు. ఇంగ్లండ్ మిడ్‌లాండ్స్‌లో ఉంటూ అమ్మానాన్నల కోసం కోచ్ హాలిడే (బస్సులో తీసుకెళ్ళి హోటల్ బస కూడా ఇచ్చే టూర్) వెతికినవాళ్ళు ఆ బ్రోచర్ చూసే ఉంటారు.

అమ్మానాన్న తెనాలి నుంచి ఆరు నెలల వీసా మీద వచ్చారు. అమ్మకి రెండేళ్ళ కింద మోకాలి ఆపరేషన్ అయింది, మెట్లు ఎక్కలేదు. నాన్న ముప్ఫై ఏళ్ళు ఆర్టీసీలో బస్సు నడిపారు, ఎవరో నడుపుతుంటే కిటికీ పక్కన కూర్చుని వెళ్ళాలని ఆయనకి ఎప్పటినుంచో కోరిక. లండన్ అంటే నడక ఎక్కువ. లాండుడ్నో అయితే సముద్రం ఒడ్డున రెండు మైళ్ళ పొడవునా చదునైన బాట, దారంతా బెంచీలు, ఎదురుగా విక్టోరియా రాణి కాలం నాటి తెల్లటి హోటళ్ళు, పరుగులు పెట్టక్కర్లేదు. అయిదు రోజులు, నాలుగు రాత్రులు, హాఫ్ బోర్డ్ (పొద్దున టిఫిన్, రాత్రి భోజనం), మనిషికి 289 పౌండ్లు. బుక్ చేసేటప్పుడు ఫోన్‌లో మూడుసార్లు అడిగాను, లిఫ్ట్ ఉందా అని. ఉందన్నారు. సీ ఫ్రంట్ హోటల్, లిఫ్ట్, మొదటి అంతస్తులో గది అని ఈమెయిల్ కూడా పంపారు. బ్యాంకు నుంచి నేరుగా పంపితే మనిషికి 15 పౌండ్లు తగ్గిస్తామంటే క్రెడిట్ కార్డు పక్కన పెట్టి మొత్తం అలాగే పంపేశాను. ఆ తప్పు నాదే, దాని సంగతి కింద రాస్తాను.

సోమవారం ఉదయం కోవెంట్రీలో ఎక్కాం. పికప్‌లు చాలా ఉన్నాయి, లేటయింది, అయినా నేనేం అనుకోలేదు. దారిలో విశ్రాంతి కోసం సర్వీసెస్‌లో ఆగినప్పుడు నాన్న డ్రైవర్‌తో మాటలు కలిపారు. నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు విశ్రాంతి తీసుకోవాల్సిందేనని ఇక్కడ రూలు ఉందని డ్రైవర్ చెబితే, నాన్న సీట్లోకి వచ్చాక కూడా దాని గురించే మాట్లాడారు. అంత సంతోషంగా ఆయన్ని ఈమధ్య చూడలేదు.

నాలుగున్నరకి ఊళ్ళోకి వచ్చాం. కోచ్ సముద్రం పక్కనే వెళ్తుంటే అమ్మ కిటికీకి ముఖం ఆనించి ఒక్కొక్క హోటల్ చూపిస్తూ "ఇదా మనది? ఇదా?" అని అడుగుతోంది. "ఇంకొంచెం ముందుకమ్మా" అంటున్నాను నేను. ఈమెయిల్‌లో ఉన్న పేరు బోర్డు మీద కనిపించింది. కోచ్ ఆగలేదు. అక్కడినుంచి పక్కకి తిరిగి, గ్రేట్ ఓర్మ్ కొండ వైపు ఎక్కే వీధిలోకి వెళ్ళి, ఒక ఇరుకు హోటల్ ముందు ఆగింది. గుమ్మానికే ఏడు మెట్లు. లోపల లిఫ్ట్ లేదు. మా గది మూడో అంతస్తులో.

రిసెప్షన్ అమ్మాయికి ఏమీ తెలియదు. కింద ఉన్న ఒకే ఒక్క గదిని వాకర్‌తో వచ్చిన ఒక పెద్దావిడకి ఇచ్చారు, అది న్యాయమే, ఆవిడ మా అమ్మకంటే పెద్దది. డ్రైవర్ కూడా మంచివాడే, సూట్‌కేసులు తనే లోపలికి మోశాడు. మోసేటప్పుడు చేతిలో ఉన్న ప్రయాణికుల లిస్టు కౌంటర్ మీద పెట్టాడు. నాన్నకి జీవితమంతా ట్రిప్ షీట్లు చూసిన అలవాటు. అందులో మా పేర్లు, ఈ కొత్త హోటల్ పేరు చూసి, పైన మూలలో వేలు పెట్టి "ఈ తేదీ చూడు తల్లీ" అన్నారు. ఆ లిస్టు ప్రింట్ చేసి అప్పటికి పదకొండు రోజులయింది.

అంటే పదకొండు రోజులుగా వాళ్ళకి తెలుసు. ఆ మధ్యలో నేను ఫోన్ చేశాను కూడా, పికప్ టైము కనుక్కోవడానికి. అప్పుడు మాట్లాడినావిడ ఒక్క ముక్క చెప్పలేదు.

అక్కడే నిలబడి ఆఫీసుకి ఫోన్ చేశాను. మొదట "అదే స్థాయి హోటల్ ఇచ్చాం" అన్నారు. లిఫ్ట్ సంగతి ఈమెయిల్‌లో రాశారు కదా అంటే "పరిస్థితిని బట్టి మార్చుకోవచ్చని కండిషన్లలో ఉంది" అన్నారు. సరే, మార్చారు, పదకొండు రోజుల ముందే తెలిసినప్పుడు నాకెందుకు చెప్పలేదు అని అడిగాను. అప్పుడు ఆవిడ గొంతులో ఏ తడబాటూ లేకుండా అన్న మాట ఇది: "ముందే చెబితే మీరు క్యాన్సిల్ చేసుకునేవాళ్ళు కదా."

నాకు కాసేపు మాట రాలేదు. మర్చిపోయాం అనలేదు, పొరపాటయింది అనలేదు. నేను కాదంటానని తెలిసే, కాదనే వీలు లేకుండా, నన్ను ఆ గుమ్మం దాకా తీసుకొచ్చారు. ఇంటికి దూరంగా, సాయంత్రం పూట, ఇద్దరు ముసలివాళ్ళతో నేనిక ఎక్కడికీ వెళ్ళలేనని వాళ్ళకి తెలుసు. అమ్మ సూట్‌కేస్ మీద కూర్చుని నా వంకే చూస్తూ "ఏమంటోందే ఆవిడ?" అని అడిగింది. గది సర్దుతున్నారంట అని అబద్ధం చెప్పాను. ఎదురుగా నాన్న ఉన్నారు, ఆయనకి ఆ మాత్రం ఇంగ్లీషు అర్థమవుతుంది. తల తిప్పుకున్నారు.

గదికి 46 మెట్లు. నాన్న లెక్కపెట్టారు. అమ్మ ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ పెట్టి, రెయిలింగ్ పట్టుకుని, ప్రతి మలుపులో కూర్చుని ఎక్కింది. పైకి చేరేసరికి పావుగంట పైనే పట్టింది. వేరే హోటల్ కోసం ఆ రాత్రే వెతికాను, లిఫ్ట్ ఉండి ఖాళీ ఉన్నవి నాలుగు రాత్రులకి నేను పెట్టలేనంత ధర. ఆ తర్వాత అమ్మ రోజుకి ఒక్కసారే కిందికి దిగింది. పొద్దున టిఫిన్‌కి దిగితే మళ్ళీ రాత్రి భోజనం అయ్యేదాకా పైకి వెళ్ళేది కాదు, మధ్యాహ్నం నడుం వాల్చాలనిపించినా బయట బెంచీ మీదే. వాన పడిన రోజు హాల్లో కుర్చీలోనే కునుకు తీసింది. భోజనం గురించి రాయను, శాకాహారం అంటే మూడు రాత్రులు ఒకటే వంటకం, దానికి ఇంకెప్పుడైనా కోపం తెచ్చుకుంటాను.

ఊరిది తప్పేం లేదు, అది కూడా చెప్పాలి. గ్రేట్ ఓర్మ్ మీదికి 1902 నుంచి నడుస్తున్న ట్రామ్ ఉంది, కేబుల్‌తో లాగుతారు, సగం దూరంలో దిగి ఇంకో ట్రామ్ ఎక్కాలి. నాన్న దాన్ని నడిపే అతని వెనకాలే నిలబడి చూశారు. సముద్రంలోకి కట్టిన పీర్ మీద 2,295 అడుగులూ చివరిదాకా ఒక్కరే నడిచి వచ్చారు. అమ్మ ఒడ్డున కూర్చుని "సూర్యలంకలో కూడా ఇలా బెంచీలు వేస్తే ఎంత బాగుంటుందే" అంది. ఆ సముద్రం ఎదురుగా, లిఫ్ట్ ఉన్న గదిలో ఆవిడ ఆ నాలుగు రోజులూ ఉండాల్సింది. డబ్బు కట్టింది దానికే.

వచ్చాక రాత్రంతా కూర్చుని రూల్స్ చదివాను. ఇక్కడ 2018 నాటి ప్యాకేజ్ ట్రావెల్ రెగ్యులేషన్స్ ఉన్నాయి. ప్రయాణం, బస కలిపి అమ్మితే అవి వర్తిస్తాయి, కోచ్ హాలిడే కూడా అందులోకే వస్తుంది. బయలుదేరే ముందు ముఖ్యమైనదేదైనా మార్చాల్సి వస్తే ఆలస్యం చేయకుండా మనకి చెప్పాలి, మనకి ఇష్టం లేకపోతే ఫీజు లేకుండా క్యాన్సిల్ చేసుకోవచ్చు, డబ్బు 14 రోజుల్లోపు తిరిగి ఇవ్వాలి. అంటే ఆవిడ ఫోన్‌లో చెప్పింది నాకున్న హక్కు గురించే. ఆ హక్కు నేను వాడుకోకుండా ఉండాలనే దాచారు.

ఇక నా తప్పు. మొత్తం డబ్బులో కొంతైనా క్రెడిట్ కార్డు మీద కట్టి ఉంటే 1974 కన్స్యూమర్ క్రెడిట్ యాక్ట్‌లోని 75వ సెక్షన్ కింద డబ్బు తిరిగి ఇమ్మని కార్డు కంపెనీని కూడా అడిగేదాన్ని. ధర 100 పౌండ్లు దాటి 30,000 లోపు ఉంటే అది వర్తిస్తుంది. 45 పౌండ్ల తగ్గింపు కోసం ఆ దారి నేనే మూసుకున్నాను. ఆఫీసులో పక్కవాళ్ళకి కార్డు మీదే కట్టమని చెప్పేది నేనే, అమ్మానాన్నల విషయంలో మాత్రం ఆ జాగ్రత్త తీసుకోలేదు. అది తలుచుకుంటే ఇంకా నిద్ర పట్టట్లేదు.

బుక్ చేసేవాళ్ళు ఒకటి చేయండి. వారం ముందు కోచ్ కంపెనీకి కాదు, నేరుగా హోటల్‌కి ఫోన్ చేసి, ఫలానా కంపెనీ పేరు మీద ఫలానా తేదీకి గదులు ఉన్నాయా అని అడగండి. రెండు నిమిషాల పని. లిఫ్ట్, కింద గది లాంటివి వాళ్ళు ఒప్పుకున్నట్టు రాతలో తీసుకోండి. కార్డు మీద కట్టండి. ఏదైనా తేడా వస్తే ఇంటికొచ్చాక కాకుండా అక్కడున్నప్పుడే కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి, నేను ఆ రాత్రే మెట్ల మీద కూర్చుని ఈమెయిల్ పెట్టాను.

డ్రైవర్ లిస్టుని కూడా ఫోటో తీశాను, తేదీ స్పష్టంగా కనిపిస్తోంది. దాన్ని, లిఫ్ట్ ఉందని రాసిన ఈమెయిల్‌ని జతచేసి ఇవాళ ఉదయం ఫిర్యాదు పంపాను. అమ్మ మోకాలు వాచింది, సోమవారం డాక్టర్‌కి చూపించాలి. "పోనీలేవే, సముద్రం చూశాం కదా" అంటోంది. నేను మాత్రం వదలను.