ఎముక కోతకు పీజో యంత్రం: ఏడేళ్ల వాడకం తర్వాత

పర్లాకిమిడిలో నోటి శస్త్రచికిత్సలు చేసే నేను పీజో యంత్రం (సన్నని కంపనంతో ఎముకను కోసే పరికరం) కొని ఏడేళ్లయింది. అంతకుముందు అడ్డంగా ఇరుక్కున్న జ్ఞానదంతాల చుట్టూ ఎముకను బర్‌తోనే, అంటే గిర్రున తిరిగే కోత కొనతోనే తీసేవాణ్ణి. ఇప్పటికీ రెండూ వాడుతున్నాను.

ఎముక మానడంలో అసలు శత్రువు వేడి. 47 డిగ్రీల వద్ద ఒక్క నిమిషం ఉన్నా ఎముక దెబ్బతింటుందని 1983లో ఎరిక్సన్, ఆల్బ్రెక్ట్‌సన్ కుందేళ్లపై చూపించారు. బర్ మొద్దుబారినా, సెలైన్ ధార పక్కకు పోయినా ఆ హద్దు దాటడానికి ఎంతోసేపు పట్టదు. పీజో కొన సెకనుకు సుమారు 25 వేల నుంచి 30 వేల సార్లు సన్నగా కంపిస్తూ గట్టి ఎముకను కోస్తుంది. మెత్తని కణజాలం ఆ కంపనంతో పాటే ఊగుతుంది కనుక తేలిగ్గా తెగదు. పంటి వేరు కింది దవడ నరాన్ని ఆనుకుని ఉన్నప్పుడు నేను పీజోను చేతిలోకి తీసుకునేది ఈ ఒక్క గుణం కోసమే. అయితే కొనను నరం మీదే ఆనించి ఉంచితే వేడికి అదీ చెడుతుంది.

బర్‌కు అలవాటుపడిన చెయ్యి ఒత్తుతుంది. పీజోను ఒత్తితే కంపనం తగ్గి, కోత నెమ్మదించి, వేడి పెరుగుతుంది. ఈ అలవాటు మార్చుకోవడానికి నాకు నెలలు పట్టింది. గట్టి దవడలో బర్‌తో ఐదు నిమిషాల పనికి దీనితో పది పన్నెండు నిమిషాలు పడుతుంది కాబట్టి, పైభాగాన్ని బర్‌తో తీసి నరం దగ్గర మాత్రమే పీజోకు మారుతున్నాను.

ఎముక రెట్టింపు వేగంతో మానుతుందని అమ్మిన మనిషి చెప్పాడు. నేనది చూడలేదు. మొదటి మూడు నాలుగు రోజుల్లో వాపు తక్కువగా ఉండి నోరు బాగా తెరుచుకోవడం మాత్రం నిజం. గుమ్మ కొండల మీది నుంచి వచ్చి మర్నాడే కూలికి వెళ్లే సవర రోగికి అది చిన్న మేలు కాదు. ఆరు నెలల తర్వాత ఎక్స్‌రే చూసి ఏ పన్ను దేనితో తీశానో నేనే చెప్పలేను.

పేస్‌మేకర్ ఉన్నవారికి నేను దీన్ని వాడను. కొనలు ఖరీదైనవి, పైగా త్వరగా అరుగుతాయి. విశాఖ నుంచి రావడానికి ఒక్కోసారి వారం పడుతుంది. పోయిన వానాకాలంలో ఒకటి పని మధ్యలో విరిగితే, వేరే కొన లేక మిగతా ఎముకను కొత్త బర్‌తో, రెట్టింపు సెలైన్‌తో ముగించాను. ఆ రోగికి వాపు రెండు రోజులు ఎక్కువ ఉంది, అంతే.