నాన్నకి కొన్న ఒపినెల్ చాకు, నాలుగేళ్ళ వాడకం తర్వాత

ముందే చెప్పేస్తున్నా, ఈ చాకులో నాకు పిచ్చిగా నచ్చింది ఒక్కటే, దాని మెడకున్న రింగు. పదునూ చెక్క పిడీ అవన్నీ తర్వాత.

ఎందుకంటే అంతకుముందు నాన్న జేబులో ఉన్న మడత చాకుకి లాకు లేదు. అది నేనే ఆన్‌లైన్లో కొనిచ్చా, మూడొందల యాభై, పదకొండు పనులు చేస్తుందని రాసుంటే నమ్మి. సీసా మూత తీస్తుంది, స్క్రూలు తిప్పుతుంది, చిన్న టార్చి కూడా ఉంది. ఎరువు బస్తా మూతి కుట్టులో మొన గుచ్చి తిప్పాడంట, బ్లేడు మడతపడి చూపుడు వేలి మీద మూసుకుంది. మూడు కుట్లు. ఫోన్లో ఒక్క ముక్క చెప్పలేదు, నెల తర్వాత ఇంటికెళ్ళినప్పుడు వేలు చూసి నేనడిగితే అమ్మ చెప్పింది. "పన్నెండో పని రాయడం మర్చిపోయార్రా వాళ్ళు" అన్నాడు నాన్న, నవ్వుతూనే. నాకైతే నవ్వు రాలేదు.

దానికంటే ముందు అక్క ఒక ఎర్ర స్విస్ చాకు ఇచ్చింది, అది ఇప్పటికీ డబ్బాతో సహా బీరువాలో అమ్మ పట్టుచీరల కింద ఉంది. అంత మంచిదాన్ని పొలానికి ఎవరు తీసుకెళ్తారు అంటాడు. సో నాకర్థమైంది ఏంటంటే మా నాన్నకి ఇచ్చే చాకు పారేసుకున్నా బెంగ లేనంత చవగ్గా ఉండాలి, చేతిలో ఉన్నప్పుడు మడతపడకూడదు. అంతే, ఈ రెండే.

2021 డిసెంబర్లో ఫ్రెండొకడు ఫ్రాన్సు నుంచి వస్తుంటే చెప్పి తెప్పించా, ఒపినెల్ అనే ఫ్రెంచి కంపెనీ మడత చాకు, ఎనిమిదో నంబరు, కార్బన్ స్టీలుది. పన్నెండు యూరోలంట. చెకిన్ బ్యాగులోనే వెయ్యమని రెండుసార్లు గుర్తుచేశా, లేకపోతే ఎయిర్‌పోర్టులో తీసి పక్కన పడేసేవాళ్ళు.

హైదరాబాద్ నుంచి రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి ఇంట్లో దిగా, ఆరోజు శనివారం. శనివారం పూట ఇనుము ఇంట్లోకి తెస్తావా అని అమ్మ గుమ్మంలోనే ఆపేసింది, నన్ను కాదు, చాకుని. ఆదివారం పొద్దున దాకా అది బయట అరుగు మీద, పేపర్లో చుట్టి, పూలకుండీ వెనకాల ఉంది. నాన్న మాత్రం మధ్యలో రెండుసార్లు వెళ్ళి విప్పి చూసొచ్చాడు. తర్వాత నా చేతిలో ఒక రూపాయి బిళ్ళ పెట్టి, కొనుక్కున్నట్టే లే అన్నాడు. బ్లేడు మీద కిరీటం పెట్టిన చెయ్యి బొమ్మ ఉంటుంది, అమ్మ అది చూసి ఏ దేవుడి చెయ్యి అనడిగింది. ఊరికే అడిగిందేమో గానీ చదివితే నిజంగానే ఆ చెయ్యి బాప్తిస్మమిచ్చిన యోహానుదట, ఫ్రాన్సులో ఈ చాకు పుట్టిన సవోయ్ ప్రాంతంలో ఒక ఊరి చర్చిలో ఆయన వేళ్ళని చెప్పి కొన్ని దాచారు, ఆ గుర్తు అది.

రింగు సంగతి. బ్లేడు తెరిచి రింగుని కొంచెం పక్కకి తిప్పితే వెనక్కి మడతపడే దారి మూసుకుపోతుంది. స్ప్రింగు లేదు, బటన్ లేదు, పాడవడానికి లోపల ఏమీ లేదు. ఒపినెల్ వాళ్ళు 1890 నుంచి చాకులు చేస్తుంటే ఈ రింగు పెట్టింది 1955లో, మూసినప్పుడు కూడా బిగించుకునేలా చేసింది ఇంకా లేటు, 2000లో. ఇది చెప్తే నాన్న తన చూపుడు వేలు చూసుకుని "అంటే అరవై ఐదేళ్ళు వాళ్ళూ కోసుకున్నారన్నమాట" అన్నాడు.

మాది నూజివీడు దగ్గర, మామిడి తోట. కోతకి ముందు చెట్టుకో కాయ కోసి టెంక చుట్టూ కండ రంగు చూస్తాడు, పసుపు తిరిగిందో లేదో, దానికి ఇదే చాకు. నైలాన్ తాడు, డ్రిప్పు పైపు, బస్తా మూతి, మధ్యాన్నం ఉల్లిపాయ, అన్నీ దీనితోనే. బంగినపల్లి కాయా, కలెక్టరు కాయా కోస్తాడు, రసాలకి మాత్రం చాకు తగలనివ్వడు, రసం కాయని కోసేవాడు మనిషే కాదు అంటాడు, ఆ మాట నేనూ ఒప్పుకుంటా.

ఇక అసలు కథ. తర్వాతి ఏడాది శ్రావణంలో ముసురు పట్టింది, దానికి తోడు అమ్మ ఈ చాకుని గ్లాసులతో పాటు రాత్రంతా సింకులో నీళ్ళలో వదిలేసింది. చెక్క పిడి కదా, ఉబ్బి బ్లేడుని పట్టేసింది. తెరవడానికి బ్లేడు మీద గోరు పట్టే గాడి ఒకటుంటుంది, నాన్న అక్కడ లాగితే గోరు విరిగింది గానీ బ్లేడు కదల్లేదు. నాకు ఫోన్ చేశాడు. నేను పెద్ద తెలిసినవాడిలా నీడలో రెండు రోజులు ఆరబెట్టు, తర్వాత నూనె చుక్క వెయ్యి, స్క్రూడ్రైవర్ పెట్టి తియ్యకు అని లెక్చరిచ్చా. సాయంత్రానికి మళ్ళీ ఫోన్, వీడియో కాల్. రింగు వదులు చేసి, మూసున్న చాకుని పిడి మొదలు కిందకి పట్టుకుని అరుగు రాయి అంచుకేసి టక్కున కొట్టాడు, బ్లేడు వేలెడంత బయటికి గెంతింది. ఇంకోసారి కొట్టి చూపించాడు. కొబ్బరికాయ కొట్టినంత సులువుగా. ఎవరు చెప్పారు నాన్నా అంటే, ఎవరు చెప్పాలి, పార పిడి వదులైతే ఇలాగే కదరా కొడతాం అన్నాడు.

వారం తర్వాత ఏదో చదువుతుంటే కనపడింది, ఫ్రాన్సులో ఈ చాకు పుట్టిన కొండల్లో వాళ్ళు చేసేదీ సరిగ్గా ఇదే, దానికి పేరు కూడా ఉంది, సవోయ్ వాడి దెబ్బ అని. పిడి ఉబ్బినప్పుడు గట్టి చోట మొదలుని తాటించి తెరుస్తారు. నాకు ఒళ్ళు పులకరించింది నిజంగా, పరుగున ఫోన్ చేసి చెప్పా. నాన్న కాసేపాగి "అయితే అక్కడా ముసురు పడుతుందన్నమాట" అని వేరే విషయంలోకి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు కొంచెం వెనక్కి తీసుకోవాల్సినవి. రింగు రింగు అని ఇంత రాశా గానీ నేను గమనించినంతలో పదిసార్లలో ఆరుసార్లు నాన్న దాన్ని తిప్పడు, తాడుకీ బస్తాకీ మాత్రం తిప్పుతాడు, ఉల్లిపాయకి ఎందుకురా అంటాడు. రెండు చేతులూ కావాలి, మామిడి సొన గానీ మట్టి గానీ కిందకి చేరితే బిగుసుకుంటుంది, పాత టూత్‌బ్రష్షూ కొబ్బరినూనే పెట్టాల్సిందే. కార్బన్ స్టీలు తీసుకోవడం నా తెలివి, పదును త్వరగా వస్తుందని. ఆ మాట నిజమే, కొడవలి నూరే బండ మీదే నాలుగు రుద్దులు రుద్దితే చేతి వెంట్రుకలు గీకేస్తుంది. కానీ పుల్ల మామిడికాయ కోస్తే బ్లేడు నల్లబడుతుంది, ముక్క అంచు కూడా నల్లబడుతుంది, కాస్త ఇనుము వాసన వస్తుంది. తడి తుడవకుండా జేబులో పెట్టుకుంటే మర్నాటికి తుప్పు చుక్కలు. నాన్నకి ఇదేం పట్టదు, చిన్నప్పట్నుంచీ ఇంట్లో ఉన్నవన్నీ ఇనప కత్తులే. అమ్మ మాత్రం దాంతో కోసిన ముక్క తినదు.

కాబట్టి మీ నాన్నగారు ఫ్లాట్లో ఉంటూ యాపిల్ కోసుకోవడానికే అయితే ఇందులోనే స్టెయిన్‌లెస్ స్టీలుది తీసుకోండి, ధరలో పెద్ద తేడా లేదు. వేళ్ళ కీళ్ళ నొప్పులుంటే అసలు ముందు షాపులో వాళ్ళ చేత తెరిపించి చూడండి, ఆ గాడి దగ్గర కొత్తలో బాగా బిగువు. నాన్నకి ఇప్పుడు అరవై ఏడు, వాన రోజుల్లో ఆయన కూడా గోటి జోలికి పోడు, నేరుగా అరుగు అంచు దగ్గరికే. ఆ దెబ్బలకి పిడి మొదలు కాస్త గుల్లబారింది, నూరి నూరి బ్లేడు వెడల్పు తగ్గింది. పోయిన సంక్రాంతికి రింగు వదులైందని పటకారుతో నొక్కాడు, కొంచెం ఎక్కువే నొక్కాడు, ఇప్పుడు వట్టి వేళ్ళతో తిరగట్లేదు, కండువా కొస చుట్టి తిప్పుతున్నాడు. కొత్తది తెప్పించనా అంటే వద్దంటున్నాడు.