కత్తెర పెట్టకూడని కాడ: హోయాతో ఏడేళ్లు

మా హాల్లో తూర్పు కిటికీకి పాకించిన హోయా తీగకు ఈ వారం లెక్క ప్రకారం తొమ్మిది పూలకాడలు ఉన్నాయి. వాటిలో రెండింటికి మాత్రమే మొగ్గలున్నాయి. మిగిలిన ఏడూ ఆకు గాని మొగ్గ గాని లేకుండా, అగ్గిపుల్లలో సగం పొడవున, ఎండిపోయిన తొడిమల్లాగే కనబడతాయి. ఇంటికి వచ్చినవాళ్లు మాటల్లో పడి వాటిని గిల్లబోయినప్పుడల్లా నేను మర్యాద మరిచి చెయ్యి అడ్డం పెడుతున్నాను. ఈ మొక్క మీద నాకున్న ప్రేమా, ఒకప్పుడు ఉన్న కోపమూ ఆ పుల్లల చుట్టూనే తిరుగుతాయి కనుక ఈ సమీక్షలో ఎక్కువ భాగం వాటి గురించే ఉంటుంది. నీళ్లు, ఎరువు, కుండీ కొలతల వంటి వివరాలు ఎక్కడైనా దొరుకుతాయి.

నేను కొన్నది మామూలు హోయా కార్నోసా, పూర్తిగా ఆకుపచ్చని ఆకుల రకం. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో జరిగిన నర్సరీ మేళాలో, కడియం నుంచి వచ్చిన ఒక దుకాణంలో జానెడు తీగగా తెచ్చుకున్నాను. అప్పటికి నా తోటపని అనుభవమంతా మా అమ్మ మల్లెపొద దగ్గర నేర్చుకున్నదే. మల్లెకు చలికాలంలో నీళ్లు తగ్గించి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరిస్తేనే ఎండలు ముదిరేసరికి మొగ్గ విరగబడుతుంది. గులాబీకి వాడిన పువ్వును కాడతో సహా కోసేస్తేనే పక్క చిగురు లేస్తుంది. పూలమొక్కకు కత్తెర మేలే చేస్తుందన్నది మా ఇంట్లో ఎవరూ ప్రశ్నించని సత్యం. హోయా విషయంలో ఆ సత్యమే నన్ను ముంచింది.

మొదటి మూడేళ్లు పువ్వు జాడే లేదు. ఏటా వానలు మొదలయ్యేసరికి ఈ తీగ ఆకు లేని సన్నని రెమ్మలను బారెడు పొడవున గాలిలోకి చాచేది. అవి ఒక రోజు కర్టెను కమ్మీని, మరొక రోజు టీవీ వైరును, ఒకసారి ఏకంగా గోడకున్న క్యాలెండరును చుట్టుకున్నాయి. ఆకు లేని కొమ్మ దండగ అనుకుని నేను వాటిని ఎప్పటికప్పుడు కత్తిరించేదాన్ని. కోసిన చోట జిల్లేడుకు కారినట్టే తెల్లని పాలు కారేవి. ఆ రెమ్మ ముందుగా పట్టు వెతుక్కుంటుందని, ఆకులు ఆ తరువాత నిదానంగా దాని కణుపుల దగ్గర వస్తాయని, పూలకాడలు కూడా అలా పెరిగిన తీగ కణుపుల దగ్గరే పుడతాయని నాకు తెలియదు. పూలు రావలసిన చోటునే మూడేళ్లపాటు పనిగట్టుకుని కోసి చెత్తబుట్టలో వేశాను.

నాలుగో ఏట మార్చిలో, సోఫా వెనక నా కత్తెరకు అందకుండా పెరిగిన ఒక తీగకు మొదటి గుత్తి వచ్చింది. ఒకే బిందువు నుంచి గొడుగు ఊచల్లా విచ్చుకున్న సన్నని తొడిమలు, ఒక్కొక్క తొడిమ చివర ఐదు పలకల లేత గులాబీ మొగ్గ. విచ్చుకున్నాక రేకుల మీద మఖ్మల్ వంటి నూగు, మధ్యలో నెత్తురుచుక్క రంగు అడుగున మెరిసే చిన్న నక్షత్రం. పాతిక పువ్వులు లెక్కపెట్టాను. పది రోజుల తరువాత అవి ఒక్కొక్కటిగా వాడి రాలిపోయి ఖాళీ కాడ మిగిలింది. నేను దానిని మొదలంటా కత్తిరించి, పాలు ఆగడానికి తెగిన చోట చిటికెడు పసుపు కూడా అద్ది, గులాబీకి చేసినంత శ్రద్ధగా చేశానని తృప్తి పడ్డాను.

ఆ వేసవిలోనే రెండో గుత్తి కూడా పూసింది. అయితే అది కర్టెను చాటున, కిటికీ చట్రానికీ ఇనుప గ్రిల్లుకూ మధ్య ఇరుక్కుని ఉండటం వల్ల పూలు రాలిన తరువాత అక్కడికి కత్తెర దూరలేదు. ఆ కాడ బతకడానికి కారణం నా జ్ఞానం కాదు, గ్రిల్లు చేసినవాడు వదిలిన సందు.

ఏడాది తిరిగినా కోసిన చోట ఏమీ రాలేదు. సందులో ఉన్న కాడ మాత్రం నెలల తరబడి అలాగే ఉండి, ఒక ఉదయం కొన మీద గసగసాలు అతికించినట్టు కనిపించింది. పిండినల్లి పట్టిందనుకుని తడిగుడ్డ పట్టుకుని వెళ్లాను. మా నాన్న పేపరు చదివే భూతద్దంతో చూస్తే అవన్నీ మొగ్గలు. వాటికి కాస్త కిందుగా, కిందటేడు రాలిన తొడిమల మచ్చలు దగ్గర దగ్గరగా చుట్టూ ఉన్నాయి. హోయా తన పూలకాడను పారేసుకోదు. అదే కాడ కొన నుంచి మళ్లీ మళ్లీ పూస్తుంది, పూసిన ప్రతిసారీ కాడ మరికొంచెం సాగుతుంది. సందులోని కాడ ఇప్పటికి ఐదు సార్లు పూసింది. గోటితో తడిమితే పాత మచ్చల గరుకు తెలుస్తుంది. 1810లో రాబర్ట్ బ్రౌన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఈ జాతికి, ఇంగ్లండులో నార్తంబర్లండ్ డ్యూకుకు చెందిన సయాన్ హౌస్ తోటలు చూసుకునే థామస్ హోయ్ పేరు పెట్టాడు. ఒక తోటమాలి పేరు మోస్తున్న మొక్కకు నేను పసుపు అద్ది మరీ చేసిన సేవ అది.

పరిమళం సంగతి కూడా చెప్పాలి. పగలు ముక్కు ఆనించినా పెద్దగా తెలియదు కాని, రాత్రి భోజనాల వేళ దాటాక హాలంతా తేనెలో యాలకులు నలిపినట్టుంటుంది. మొదటి ఏడు ఈ వాసనను అందరి దగ్గరా పొగిడాను. మూడు గుత్తులు ఒకేసారి విచ్చుకున్న ఏడు మాత్రం మా వారు తలనొప్పి అంటూ రెండు రాత్రులు హాల్లో కూర్చోలేదు. పైగా పువ్వు మధ్య నుంచి తేనె చుక్కలుగా కారి నేల మీద పడి జిగురు కడుతుంది, గంటలో చీమలు బారులు తీరుతాయి. గుత్తుల కింద పాత పేపరు పరిస్తే సరిపోతుంది కాని, పడక గదిలో పెట్టుకోవచ్చని నేను లోగడ ఇచ్చిన సలహాను వెనక్కు తీసుకుంటున్నాను.

“దీనికి ఏమీ చెయ్యనక్కర లేదు” అని ఊరంతా చాటిన మాటను కూడా కొంత సవరించుకోవాలి. నీళ్ల విషయంలో అది నిజమే. ముదురు ఆకును మెల్లగా మడిచి చూస్తాను. గట్టిగా ఎదురు తిరిగితే నీళ్లు పోయను, మెత్తగా వంగితే పోస్తాను. చెట్ల మీద పాకే జాతి కనుక మట్టి కన్నా కొబ్బరి డొక్క ముక్కలు, బొగ్గు కలిపిన వదులు మిశ్రమమే దీనికి నచ్చింది. కాని మొగ్గ దశలో దీనిని కదిలించకూడదు. కిటికీకి దోమల జాలీ బిగించడానికి పనివాళ్లు వచ్చినప్పుడు మొగ్గలతో ఉన్న కుండీని రెండు రోజులు వంటింటి వసారాలో ఉంచితే, తిరిగి తెచ్చిన వారం లోపల రెండు గుత్తుల మొగ్గలూ పసుపు తిరిగి రాలిపోయాయి. పూలు పోయినా కాడలు మిగిలాయి కాబట్టి అప్పటికి గుండె చిక్కబట్టుకున్నాను.

ఇంకొక ఇబ్బంది దీని బంధువర్గం నుంచి వచ్చింది. హోయా గన్నేరు కుటుంబానికి చెందినది. పువ్వు మధ్యలోని నక్షత్రాన్ని చూస్తే ఆంజనేయస్వామి దండలోని జిల్లేడు పువ్వు కిరీటం గుర్తుకు రాక మానదు. మా అపార్టుమెంటు పక్క ఖాళీ జాగాలో జిల్లేడు చెట్లకు పసుపు ఒళ్లు, నల్ల కాళ్లున్న పేనుబంక ఏటా పడుతుంది. ఒక ఫిబ్రవరిలో అదే పురుగు మూడో అంతస్తులోని మా హోయా లేత చిగుళ్లకు పట్టింది. వేళ్లతో నలిపి, కుండీని స్నానాల గదికి తీసుకువెళ్లి నీళ్ల ధారతో కడిగి, నాలుగు రోజులకొకసారి సబ్బునీళ్లు చల్లితే పోయింది. కాడల సందుల్లో దాక్కున్న వాటిని దూదిపుల్లతో తుడవడానికి ఒక ఆదివారం పూర్తిగా పట్టింది.

హృదయాకారపు ఆకుతో అమ్మే హోయా కెర్రీ గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. ఆన్‌లైన్‌లో ఒకచోట తెప్పించిన ఆ ఒంటి ఆకు నాలుగేళ్లుగా పచ్చగా, బొద్దుగా, ఒంటిగానే ఉంది. కణుపు లేకుండా నాటిన ఆకుకు వేర్లు వస్తాయి గాని తీగ రాదని అమ్మినవారు చెప్పలేదు.

మొత్తం మీద ఈ మొక్కను నేను వదులుకోను. అయితే నాకు ఉదయం తొమ్మిదిన్నర వరకు లేత ఎండ పడే తూర్పు కిటికీ ఉంది, కుండీని ఏడాదంతా కదల్చనక్కర లేని మూల ఉంది, మూడేళ్లు పువ్వు లేకుండా చూడగల ఓపిక అప్పట్లో ఎందుకో ఉంది. రోజూ పూజకు పూలు కావాలనుకునేవారికి ఇది పనికి రాదు. మా అమ్మ ఇప్పటికీ దీనిని “అలంకారం పువ్వు” అనే అంటుంది, అయినా ఈ మధ్య కాడ జోలికి పోకుండా తొడిమ దగ్గర గిల్లి ఒకటి రెండు దేవుడి గూట్లో పెడుతోంది. అడిగినవారికి రెండు కణుపుల ముక్కలు సంతోషంగా ఇస్తున్నాను. పూలకాడ ఉన్న తీగ ముక్కను మాత్రం ఇప్పటి వరకు ఎవరికీ ఇవ్వలేదు.