ముత్తుకూరు రోడ్డులోని ఒక క్లినిక్: చీటీ బల్ల దగ్గర మొదలయ్యే వైద్యం

ఒక క్లినిక్ గురించి నలుగురికీ చెప్పేటప్పుడు డాక్టరు హస్తవాసి ఎలాంటిదో, ఫీజు ఎంతో చెప్పి ఊరుకోవడం మన అలవాటు. నెల్లూరు ముత్తుకూరు రోడ్డు వైపు ఉన్న ఈ చిన్న క్లినిక్ విషయంలో ఆ రెండూ తృప్తికరంగానే ఉన్నాయి: ఓపీ మూడు వందల రూపాయలు, వారం లోపు మళ్లీ వెళితే ఏమీ తీసుకోరు, డాక్టరమ్మ చెప్పేది పూర్తిగా విన్నాకే కలం పట్టుకుంటారు. అయితే నేను ముఖ్యంగా రాయదలచుకున్నది గేటు దాటిన క్షణం నుంచి ఆమె ముందు కూర్చునే దాకా రోగి గడిపే సమయం గురించి. రాష్ట్రంలో తొలి కోవిడ్ కేసు 2020 మార్చి 12న నిర్ధారణ అయింది మన నెల్లూరులోనే. ఆ తరువాతి రెండేళ్లలో మనుషులు ఎలా ప్రవర్తించారన్న దానిపై ప్రపంచమంతటా ఎన్నో పరిశోధనలు జరిగాయి. వాటిలో తేలిన విషయాలు ఒక మామూలు వీధి క్లినిక్‌లో ఆచరణలోకి రావడం అరుదు కనుక ఈ సమీక్ష అవసరమనిపించింది. ప్రకటనలా ఉంటుందని డాక్టరమ్మ కోరినందున పేరు రాయడం లేదు.

క్లినిక్ పాత మిద్దె ఇంట్లో ఉంది. వీధి వైపు పొడవైన వసారా, దానికి ఇనుప కటకటాలు, పైన రేకులు. లోపలి హాలులో కొన్ని కుర్చీలు మాత్రమే. చీటీలు రాసే బల్లను హాలులో కాకుండా గేటు పక్కనే వేశారు. బల్ల వెనుక కూర్చునే ఆమె పేరు, వయసు అడగడానికి ముందే, "దగ్గు, జలుబు, జొరం ఏమన్నా ఉండాయా?" అని అడుగుతారు. లేవన్నవారికి తెల్ల చీటీ ఇచ్చి హాలులోకి పంపుతారు. ఉన్నాయన్నవారికి ఆకుపచ్చ చీటీతో పాటు మూత ఉన్న డబ్బాలో నుంచి ఒక మాస్కును చెవి తాడు దగ్గర పట్టుకుని తీసి ఇస్తారు. ఇస్తూనే తన మాస్కును ముక్కు మీద ఒకసారి అదిమి చూసుకుంటారు. ఆకుపచ్చ చీటీ వారు వసారాలో, గాలి ఆడేచోట కూర్చోవాలి. నేను వెళ్లిన రోజు ఒక పెద్దాయన తనది పొగాకు దగ్గేనని, కరోనా ఎప్పుడో పోయిందని మాస్కు వద్దన్నారు. ఆమె గొంతు పెంచలేదు. "కరోనా అని కాదు పెద్దాయనా, లోపల పసిబిడ్డలు ఉండారు. నేను గూడా పెట్టుకోనే ఉండా గదా" అన్నారు. ఆయన మారుమాట లేకుండా పెట్టుకుని వసారాలో కూర్చున్నారు.

చూడడానికి చిన్నదిగా కనిపించే ఈ ఏర్పాటు వెనుక ఉన్న ఆలోచనకు గట్టి ఆధారం ఉంది. 2020 నవంబరు నుంచి 2021 ఏప్రిల్ వరకు బంగ్లాదేశ్‌లోని 600 గ్రామాల్లో, 3.4 లక్షల మందికి పైగా పెద్దవారితో ఒక భారీ ప్రయోగం జరిగింది. సగం గ్రామాల్లో మాస్కులను ఉచితంగా ఇంటికే తెచ్చి ఇచ్చారు, ఎందుకు పెట్టుకోవాలో చెప్పారు, సంతలోనూ మసీదు దగ్గరా పెట్టుకోనివారికి మర్యాదగా గుర్తు చేశారు, ఊరి పెద్దలు తాము పెట్టుకుని చూపించారు. సరిగా మాస్కు పెట్టుకునేవారు మిగిలిన గ్రామాల్లో 13 శాతం ఉండగా ఈ గ్రామాల్లో 42 శాతానికి చేరారు. సర్జికల్ మాస్కులు పంచిన గ్రామాల్లో అరవై ఏళ్లు దాటినవారిలో లక్షణాలతో కూడిన, రక్తపరీక్షలో నిర్ధారణ అయిన కోవిడ్ 35 శాతం తగ్గింది. ఊరికి బహుమతి ఇస్తామన్నా, ఫోనుకు రాతపూర్వక సందేశాలు పంపినా అదనంగా ఒరిగిందేమీ లేదు. మాస్కు ఉంటే మనుషులు ధైర్యం పెరిగి మీద మీద పడతారన్న భయం కూడా నిజం కాలేదు. ఆ గ్రామాల్లో ఒకరికొకరు దూరం పాటించినవారు కొద్దిగా పెరిగారు. ఉచితంగా ఇవ్వడం, కారణం చెప్పడం, ఎదురుగా నిలబడి గుర్తు చేయడం, తాము పాటించడం అనే నాలుగూ ఆ చీటీ బల్ల దగ్గర ఒక్క నిమిషంలో జరిగిపోతున్నాయి. "మాస్కు లేనిదే ప్రవేశం లేదు" అన్న బోర్డులు పట్టణంలో చాలా ఆసుపత్రుల గోడల మీద ఇప్పటికీ ఉన్నాయి. వాటి కిందే గుమిగూడి దగ్గుతూ నిలబడే జనాన్ని చూసినవారికి ఈ తేడా విలువ తెలుస్తుంది.

వసారాను, హాలును వేరు చేయడం గురించి కూడా చెప్పాలి. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ఆరోగ్య సిబ్బంది సేకరించిన కాంటాక్టుల వివరాల ఆధారంగా 2020 సెప్టెంబరు 30న సైన్స్ పత్రికలో ఒక ముఖ్యమైన అధ్యయనం వెలువడింది. దాదాపు 85 వేల మంది రోగులను, వారితో మెలిగిన 5.75 లక్షల మందిని పరిశీలించగా, రోగుల్లో 71 శాతం మంది నుంచి వారి కాంటాక్టుల్లో ఒక్కరికీ వ్యాధి సోకలేదని, 8 శాతం మంది నుంచే 60 శాతం కొత్త కేసులు వచ్చాయని తేలింది. ఎండలో పల్లెలు తిరిగి మన సిబ్బంది రాసిన జాబితాలు ప్రపంచానికి పాఠమైనందుకు మనం గర్వపడాలి. ఎవరి నుంచి ఎక్కువమందికి సోకుతుందో ముఖం చూసి చెప్పలేము కనుక, దగ్గేవారినందరినీ గాలి ఆడేచోట కూర్చోబెట్టడమే తెలివైన పని. ఫ్లూ కాలంలోనూ ఇదే పద్ధతి పనికివస్తుంది.

నాకు బాగా నచ్చిన రెండో సేవ వాట్సాప్ గొంతు సందేశం. క్లినిక్‌లో చూపించుకున్న మరుసటి రోజు డాక్టరమ్మ స్వయంగా మాట్లాడిన చిన్న సందేశం వస్తుంది: జ్వరం ఎన్నాళ్లు దాటితే రక్తపరీక్షకు రావాలి, ఆయాసం వస్తే ఆలస్యం చేయకుండా ఎక్కడికి వెళ్లాలి, ఇంట్లో ముసలివారు ఉంటే ఏం చేయాలి. చదువు రాని తల్లులు కూడా దానిని రెండుసార్లు విని అర్థం చేసుకుంటున్నారు. 2020లో నోబెల్ గ్రహీత అభిజిత్ బెనర్జీ మాట్లాడిన చిన్న వీడియోలను పశ్చిమ బెంగాల్‌లో రెండున్నర కోట్ల మందికి పంపినప్పుడు, లక్షణాలను ఆరోగ్య కార్యకర్తలకు చెప్పుకునేవారి సంఖ్య రెట్టింపైంది. బంగ్లాదేశ్‌లో రాత సందేశాలు పనిచేయకపోవడానికి, బెంగాల్‌లో వీడియోలు పనిచేయడానికి మధ్య తేడా మాట్లాడే మనిషి మీద ఉన్న గురిలో ఉందని నేను అనుకుంటున్నాను. తెలిసిన డాక్టరు తన గొంతుతో చెప్పిన మాట గురించి కూడా నా నమ్మకం ఇదే.

గురి గురించి మాట్లాడేటప్పుడు కృష్ణపట్నాన్ని తలచుకోకుండా ఉండలేము. ఈ ముత్తుకూరు రోడ్డు మీదుగానే 2021 మేలో వేలాది మంది అక్కడ ఆనందయ్య ఉచితంగా ఇచ్చే నాటు మందు కోసం వెళ్లారు. ఊపిరాడని రోగులను అంబులెన్సుల్లో తెచ్చుకున్నవారూ ఉన్నారు. జనసందోహం పెరగడంతో పంపిణీ ఆగిపోయింది, ఆయుష్ బృందాలు పరిశీలించాయి, కంటి చుక్కలను పక్కన పెట్టి మరికొన్ని మందులకు మే 31న రాష్ట్ర ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. ఆ వరుసల్లో నిలబడినవారిని మూఢులని తీసిపారేయడం అన్యాయం. ఆక్సిజన్ పడకలు దొరకని రోజుల్లో దగ్గరలో, ఖర్చు లేకుండా, తమ వాడనిపించే మనిషి చేతితో అందే దాని వైపు జనం కదలడం సహజం. అయితే ఆ ఆశే వారిని వైరస్‌కు ఎంతో అనుకూలమైన గుంపులోకి తోసింది. 2022లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం 177 దేశాలను పరిశీలించి, ప్రభుత్వం మీదా తోటి మనుషుల మీదా నమ్మకం ఎక్కువగా ఉన్నచోట కోవిడ్ సోకినవారు తక్కువని, దేశాల సన్నద్ధతను కొలిచే సూచికలకు మాత్రం ఆ ఫలితాలతో పొంతన లేదని చెప్పింది. నమ్మకాన్ని ఆపద వచ్చాక తయారు చేయలేము. మామూలు రోజుల్లో వంద చిన్న పనులతో కూడబెట్టుకోవాలి. మందుల చీటీ మీద ప్రతి మాత్ర ఎందుకో తెలుగులో రాసి ఇవ్వడం అలాంటి ఒక పని, అది ఈ క్లినిక్‌లో జరుగుతోంది.

లోపాలు కూడా స్పష్టంగా రాయాలి. ఫోనులో చీటీ తీసుకుని తమ వంతు దగ్గర పడినప్పుడే రమ్మనే పద్ధతి పట్టణం వారికి బాగా కుదిరింది. ముత్తుకూరు, ఇందుకూరుపేట వైపు పల్లెల నుంచి బస్సులో వచ్చేవారికి మాత్రం దానివల్ల మేలు లేదు. ఉదయం వారు పొలంలోనో చేపల గుంటల దగ్గరో ఉన్న సమయంలోనే ఫోను చేయాలి. ఆ వేళలో లైను దొరకదు. చివరి చీటీ తీసుకుని చీకటిపడే దాకా వసారాలో కూర్చుంటారు, ఆఖరి బస్సు గురించి వారికి దిగులు. గుంపును తగ్గించడానికి పెట్టిన పద్ధతి భారమంతా దూరం నుంచి వచ్చినవారి మీద వేస్తోంది. సాయంత్రం మొదటి గంటలో కొన్ని చీటీలను పల్లెల వారికి కేటాయిస్తే సరిపోతుంది.

వేసవిలో మరొక ఇబ్బంది ఉంది. మే నెల ఎండకు హాలులో కిటికీలు మూసి ఏసీ వేస్తారు. తెల్ల చీటీ వారిలో లక్షణాలు బయటపడని రోగి ఒకరుంటే ఆ మూసిన గదిలో జాగ్రత్తలన్నీ వృథా. ఒక కిటికీ కొద్దిగా తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించడం పెద్ద ఖర్చు కాదు. వసారాలోనేమో రేకుల వేడికి జ్వరంతో ఉన్నవారు అల్లాడిపోతున్నారు, ఒక్క ఫ్యాను చాలదు. చేతులు కడుక్కునే కుళాయి ఇంటి వెనుక ఉంది, కొత్తవారికి కనిపించదు. నిబంధన ఎంత మంచిదైనా మనిషి శరీరానికీ అలవాటుకీ చోటివ్వకపోతే బెడిసికొడుతుంది. 2020 జులై చివర ప్రకాశం జిల్లా కురిచేడులో కట్టడి వల్ల మద్యం దుకాణాలు మూసినప్పుడు తాగుడుకు బానిసలైనవారు శానిటైజరు తాగి పదిమందికి పైగా చనిపోయారు. ఒక క్లినిక్ వసారాను ఆ విషాదంతో పోల్చడం నా ఉద్దేశం కాదు, కానీ వేడికి తాళలేని రోగి ఏదో ఒక వంక చెప్పి తెల్ల చీటీ అడుగుతాడన్నది మాత్రం తప్పక ఆలోచించాలి.

కోవిడ్ అంతర్జాతీయ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది. తదుపరి మహమ్మారికి సిద్ధపడే ఒప్పందాన్ని 2025 మేలో సభ్యదేశాలు ఆమోదించాయి. అందులోని హామీలు మన దాకా ఎప్పుడు వస్తాయో గానీ, ఇక్కడ ఒక డాక్టరమ్మ, ఒక చీటీ బల్ల ఆమె కలిసి తమ చేతనైనది ఇప్పటికే చేస్తున్నారు. దగ్గు, జ్వరాలకు, బీపీ, షుగరు తనిఖీకి, పసిపిల్లలతో వెళ్లేవారికి ఈ క్లినిక్‌ను నిస్సందేహంగా సూచిస్తాను. ఎక్స్‌రే, స్కానింగు ఇక్కడ లేవు, వాటికి పొగతోట వెళ్లాల్సిందే. క్లినిక్ సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది వరకు ఉంటుంది, ఆదివారం సెలవు. సోమవారం రద్దీకి మాస్కుల డబ్బా ఒక్కోసారి ఖాళీ అవుతోంది కనుక ఆ రోజు ఇంటి నుంచే ఒకటి తీసుకువెళ్లండి.