రికర్వ్ విల్లు నాలుగేళ్లు వాడాక: నా గొడవంతా చప్పుడుతోనే

రికర్వ్ అంటే కొసలు ముందుకు ఒంపు తిరిగిన విల్లు. దాంతో గురి కుదురుతుందా అంటే కుదురుతుంది. విప్పి సంచిలో పెట్టుకోవచ్చా అంటే పెట్టుకోవచ్చు. పొడవు 62 అంగుళాలు, లాగడానికి పట్టే బలం 35 పౌండ్లు, మిగతావి డబ్బా మీదే రాసి ఉంటాయి. నాలుగేళ్లుగా నన్ను వేధించింది ఒక్కటే, దాని చప్పుడు.

మాది పర్లాకిమిడి. ఇంటి వెనక దొడ్డిలో గడ్డిమోపులు పేర్చి 18 మీటర్ల నుంచి వేస్తాను. ప్రహరీకి అవతల పక్కింటి పిన్ని ఆవును కడుతుంది. నేను పని నుంచి వచ్చి విల్లు పట్టుకునే వేళకే ఆమె చెంబు పట్టుకుని కూర్చుంటుంది. కొన్న మొదటి వారమే గోడ దగ్గరికి వచ్చింది.

"నాయనా, నువ్వు అది మోగించినప్పుడల్లా మా ఆవు అదిరిపడి తన్నేస్తోంది. దూడను వదిలినా పాలు చేపడం లేదు."

నాటకాల్లో ధనుష్టంకారానికి శత్రువుల గుండెలు అదిరేవి. నా టంకారానికి ఒక ఆవు పొదుగు బిగుసుకుంది!

రికర్వ్‌కి ఈ చప్పుడు ఎక్కడి నుంచి వస్తుందో విల్లును పక్క నుంచి చూస్తే తెలిసిపోతుంది. పట్టుకి పైనా కిందా ఉండే రెండు చేతులను లింబులంటారు, వాటి కొసలు ముందుకు ఒంపు తిరిగి ఉంటాయి. నారి ఆ ఒంపు మీద కొన్ని అంగుళాల మేర ఆనుకుని ఉంటుంది. లాగినప్పుడు పైకి లేస్తుంది, వదిలినప్పుడు ఠప్పున వచ్చి లింబుని కొడుతుంది. లాంగ్‌బోలో, అంటే ఆ ఒంపు లేని పొడుగాటి విల్లులో, నారి తగిలేది చివరి గాడి దగ్గరే, చరుచుకోవడానికి చోటు లేదు. నాది విడి భాగాల రికర్వ్ కావడంతో బోల్టు కాస్త వదులైనా జుయ్‌మని ఇంకో మోత తోడవుతుంది. మొదటి వానాకాలంలో ఆ జుయ్ ఏమిటో తెలియక పది రోజులు తల పట్టుకున్నాను. పానాతో పావు తిప్పు తిప్పితే పోయింది.

ఊళ్లో వాళ్లూ తలో మాట అన్నారు. కొండ మీది నుంచి సంతకి వచ్చిన ఒక సవర పెద్దాయన మా దొడ్డిలో నిలబడి రెండు బాణాలు చూశాడు. వాళ్ల విల్లు వెదురుది, నారి కూడా వెదురు చీలికే. నా విల్లును అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది బాణం వేయడానికా, చేలో పిట్టల్ని తోలడానికా?" అన్నాడు. నవ్వాను గానీ చురుక్కుమంది.

దాంతో రెండో ఏడు లాంగ్‌బో కొన్నాను. అదీ 35 పౌండ్లే, పొడవు 68 అంగుళాలు. మొదటి సాయంత్రం పన్నెండు బాణాలు వేశాను. మెత్తగా ధుబ్, ధుబ్ మని తప్ప ఇంకేమీ లేదు. గోడ మీద నుంచి తొంగి చూస్తే ఆవు చెవి కూడా కదపకుండా నెమరేస్తోంది. ఆ వారమంతా కనబడినవాడికల్లా చెప్పాను, కొంటే లాంగ్‌బోయే కొనండి, రికర్వ్ వట్టి డప్పు అని. ఆ మాటను ఇప్పుడు కొంచెం వెనక్కి తీసుకోవాలి.

ఎందుకంటే పోయిన కార్తీకంలో ఒక సంగతి జరిగింది. రికర్వ్‌కి వాడే కార్బన్ బాణాల్లో చివరి రెండూ ఒకేరోజు పాడయ్యాయి. ఒకటి గోడకి కొట్టుకుని చీలింది, ఒకటి గడ్డిలో దూరి ఇప్పటికీ దొరకలేదు. చీకటి పడటానికి ఇంకా అరగంట ఉంది, చేతులు ఊరుకోవు. మూలనున్న వెదురు బాణాలు తీశాను. అవి లాంగ్‌బో కోసం కొన్నవి, చెక్క విల్లుకు ఇవే అందం అనుకుని. ఒకటి రికర్వ్‌కి తొడిగి వదిలాను. బాణం జానెడు కిందికి పోయింది. కానీ చప్పుడు?

రాలేదనను, వచ్చింది. అయితే ఠంగ్ పోయి టప్ అయింది. నా చెవులే మూసుకుపోయాయేమో అనుకుని ఇంకోటి వేశాను, అదే. అవతల పిన్ని పాలు పితుకుతోంది. చెంబులో ధార ఆగలేదు.

మర్నాడు చీలిన ఆ కార్బన్ బాణాన్ని, ఒక వెదురు బాణాన్ని బజారులో నగల దుకాణానికి పట్టుకెళ్లి తూయించాను. దుకాణదారు నన్ను చూసిన చూపు అలా ఉంచండి. చీలిన ముక్కలన్నీ కలిపి కార్బన్‌ది 15 గ్రాములు, వెదురుది 27. బాణాల బరువు చెప్పే గ్రెయిన్లలోకి మారిస్తే సుమారు 231, 417. విల్లు మీద రాసిన 35 పౌండ్లు 28 అంగుళాలు లాగితే వచ్చే లెక్క. నేను లాగేది 27, కాబట్టి నా చేతిలో 33 అనుకోవాలి. అంటే కార్బన్ బాణం పౌండుకు 7 గ్రెయిన్లే. ఇలాంటి విళ్లకు 8 నుంచి 10 అయినా ఉండాలంటారు. వెదురుది 12 దాటింది. బరువైన బాణం విల్లులోని శక్తిని ఎక్కువగా తనతో పట్టుకుపోతుంది. తేలిక బాణం తీసుకోకుండా వదిలేసినదంతా నారిలో, లింబుల్లో మిగిలి మోతవుతుంది. విల్లుతో పాటు నాకు అంటగట్టిన బాణాలు ఆ బాపతువి. అమ్మినవాళ్లు వేగం గురించి అరగంట చెప్పారు గానీ, ఈ ముక్క ఒక్కటీ చెప్పలేదు.

అంటే రెండేళ్లుగా నేను పోల్చింది రెండు విళ్లను కాదు. ఒకదాన్ని తేలిక బాణంతో, ఇంకోదాన్ని బరువు బాణంతో వేసి, రెండోది నిశ్శబ్దం అని ఊరంతా చాటాను.

ఆ తర్వాత పట్టుదలగా రికర్వ్ మీద కూర్చున్నాను. నారికీ పట్టుకీ మధ్య దూరం, అంటే బ్రేస్ హైట్, కొలిస్తే 6.75 అంగుళాలే ఉంది. డాక్రాన్ అనే పాలియెస్టర్ దారంతో చేసిన నారి వాడగా వాడగా సాగింది. దాన్ని విప్పి మెలికలు పెంచుతూ పోయాను, పదేసి మెలికలకు ఒకసారి వేసి వింటూ. 7.75 దగ్గర గొంతు మారింది. పాతపట్నంలో స్వెట్టర్ల ఊలు కొని, నారికి పై నుంచి పావు వంతులో ఒకటి, కింది నుంచి పావు వంతులో ఒకటి కుచ్చులు కట్టాను. లింబు ఒంపులో నారి తగిలే చోట ఫెల్టు ముక్క అంటించాను. ఫోనులో డెసిబెల్ యాప్‌తో కొలిచాను గానీ, అదే బాణానికి మూడుసార్లు మూడు అంకెలు చూపించింది. అంత పొట్టి చప్పుడు దానికి అందదు. నా చెవినీ నమ్మను, నారి పక్కనే ఉంటుంది కదా. ఆవు చెవులనే నమ్ముకున్నాను.

ఇప్పుడు ఒకే వెదురు బాణంతో రెండూ వేసి చూస్తే లాంగ్‌బోయే ఇంకా మెత్తన, కాదనలేను. కానీ తేడా మునుపటి లాంటిది కాదు, గోడ అవతలికి వెళ్లేసరికి మరీ పలచబడిపోతుంది. పైగా లాంగ్‌బో చప్పుడును మింగి దాన్ని చేతికి పంపుతుంది. ముప్పై బాణాలు దాటితే నా మోచెయ్యి జివ్వుమంటుంది. రికర్వ్‌తో ఆ బాధ లేదు. అందుకు బదులు దాని ఊలు కుచ్చులు వానలో తడిస్తే బరువెక్కి బాణం ఇంకా కిందికి పోతుంది, బ్రేస్ హైట్ వారానికోసారి చూడాలి.

విదేశీయుల సమీక్షల్లో వేటలో జింక విల్లు చప్పుడు విని వంగి బాణాన్ని తప్పించుకుంటుందా లేదా అన్నదే పెద్ద చర్చ. మనకది అక్కర్లేదు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇక్కడ వేట నిషేధం. మైదానంలో, చుట్టుపక్కల ఎవరూ లేని చోట వేసేవాళ్లకు ఈ గొడవంతా అనవసరం. పారిస్‌లో 2024లో మన విజయవాడ ధీరజ్ బొమ్మదేవర వేసిందీ రికర్వే. వాళ్ల విళ్లకు అదురు తగ్గించే పొడుగాటి కడ్డీలు ఉంటాయి, నా దొడ్డిలో అవి గోడకు తగులుతాయి.

ఇరుకు దొడ్డి, యాభై దాటిన మోచెయ్యి, పక్కింట్లో పాడి, ఈ మూడూ ఉన్న నాకు రెండూ కావాల్సి వచ్చాయి. పాలు పితికే వేళ లాంగ్‌బో, ఆరు దాటాక రికర్వ్. మీకు వీటిలో ఏదీ లేకపోతే నా మాట సగమే వినండి. సంక్రాంతికి పిన్ని ఇంకో ఆవును తెస్తుందట. దాని చెవులు ఎలాంటివో చూడాలి.