డోటా స్కానా, మామూలు పెట్ స్కానా: న్యూరోఎండోక్రైన్ ట్యూమర్‌కి ఏది మేలు?

బయాప్సీ రిపోర్టులో న్యూరోఎండోక్రైన్ ట్యూమర్ (హార్మోన్లు తయారుచేసే కణాల్లో పుట్టే గడ్డ) అని కనబడగానే ఇంట్లోవాళ్ళు "పెట్ స్కాన్ ఎక్కడ చేస్తారు, ఎంతవుతుంది" అని ఫోన్లు మొదలుపెడతారు. టెన్షన్‌లో ఎవరైనా అదే చేస్తారు. కానీ పెట్ స్కాన్‌లో రకాలున్నాయి, ఈ జబ్బుకి తప్పు రకం చేయించుకుంటే డబ్బు పోవడం ఒక్కటే కాదు, "ఏమీ లేదు" అన్న రిపోర్టు చేతికొచ్చి అసలుకే మోసం రావచ్చు. ఇర్ఫాన్ ఖాన్ 2018లో తనకి ఈ జబ్బు అని చెప్పుకున్నాకే మనలో చాలామందికి దీని పేరు తెలిసింది. స్టీవ్ జాబ్స్‌కి పాంక్రియాస్‌లో వచ్చింది కూడా ఇదే, పాంక్రియాటిక్ కాన్సర్ అని ఊరికే రాసేస్తుంటారు గానీ.

మామూలుగా పెట్ స్కాన్ అని అందరూ అనేది ఎఫ్‌డీజీ స్కాన్. రేడియోధార్మిక ఫ్లోరిన్ తగిలించిన గ్లూకోజ్‌ని నరంలోకి ఎక్కిస్తారు, ఏ కణాలు చక్కెర ఎక్కువ తింటున్నాయో అవి వెలుగుతాయి. కరెంటు మీటరు చూసి ఏ ఇంట్లో ఏదో నడుస్తోందని పట్టుకున్నట్టే. లంగ్ కాన్సర్, లింఫోమా లాంటివాటికి అది బాగా పనిచేస్తుంది. న్యూరోఎండోక్రైన్ ట్యూమర్లలో ఎక్కువ శాతం నెమ్మదిగా పెరిగే రకం కాబట్టి వాటి మీటరు పక్కింటి మీటరులాగే తిరుగుతుంది, లివర్‌లో గడ్డలున్నా ఎఫ్‌డీజీలో ఏమీ కనబడకపోవచ్చు.

డోటా స్కాన్ దారి వేరు. ఈ ట్యూమర్ కణాల పైన సొమాటోస్టాటిన్ అనే హార్మోన్‌ని పట్టుకునే రిసెప్టర్లు విపరీతంగా ఉంటాయి, వాటికి అతుక్కునే పెప్టైడ్‌కి (చిన్న ప్రోటీన్ ముక్కకి) రేడియోధార్మిక గాలియం-68 కట్టి పంపిస్తారు. డోటాటేట్, డోటాటాక్, డోటానాక్ అని రకరకాల పేర్లు వింటారు, పేషెంటు వైపు నుంచి చూస్తే పెద్ద తేడా లేదు, ఆ సెంటర్లో ఏది తయారుచేస్తే అది. అమెరికాలో డోటాటేట్‌కి 2016లో అనుమతి వచ్చింది. అంతకు ముందు ఉన్నది ఇండియంతో చేసే ఆక్ట్రియోటైడ్ స్కాన్, 1994 నాటిది, ఇంజెక్షన్ ఇవాళ ఇచ్చి బొమ్మలు ఇవాళ కొన్ని, రేపు కొన్ని తీసేవాళ్ళు, చిన్న గడ్డలు తప్పిపోయేవి. డోటా స్కాన్‌లో ఇంజెక్షన్ ఇచ్చిన గంటకల్లా పడుకోబెడతారు, కొన్ని మిల్లీమీటర్ల లింఫ్ నోడ్‌ని కూడా చాలాసార్లు పట్టేస్తుంది. లివర్‌కి పాకింది గానీ మొదలెక్కడో తెలియని కేసుల్లో, చిన్న పేగులో దాక్కున్న అసలు గడ్డని చూపించడంలో సీటీ కన్నా ఇది చాలా మెరుగు.

అయితే అందరికీ డోటానే మేలా? కాదు. ముందు బయాప్సీ రిపోర్టులో కేఐ-67 అనే అంకె (ఎంత శాతం కణాలు విభజన చెందుతున్నాయో చెప్పేది) ఎంతుందో చూడండి. 3 శాతం లోపు అయితే గ్రేడ్ 1, 3 నుంచి 20 దాకా గ్రేడ్ 2, 20 దాటితే గ్రేడ్ 3. తక్కువ అంకె ఉంటే డోటా ముందు. బాగా ఎక్కువగా ఉండి, కణాలు రూపమే మారిపోయిన కార్సినోమా అయితే రిసెప్టర్లు పోయుంటాయి, అక్కడ ఎఫ్‌డీజీదే పైచేయి. మధ్యలో ఉన్నవాళ్ళకి, ముఖ్యంగా 10 దాటితే, చాలామంది డాక్టర్లు రెండూ చేయిస్తారు. అది డబ్బు గుంజడం అనుకోకండి. ఒకే మనిషిలో ఒక గడ్డ నెమ్మదిగానూ ఇంకోటి దూకుడుగానూ ఉండొచ్చు, సూది గుచ్చింది ఒక్కదానికే కదా.

డోటాకి కూడా మాయలున్నాయి. స్ప్లీన్, కిడ్నీలు, పిట్యూటరీ మామూలుగానే వెలుగుతాయి. పాంక్రియాస్ తల దగ్గర అన్సినేట్ అనే భాగం ఏ జబ్బూ లేకపోయినా కాస్త వెలుగుతుంది, అలవాటు లేని కళ్ళకి అది ట్యూమర్‌లా కనిపిస్తుంది. అదనంగా ఉండే బుల్లి స్ప్లీన్, మెదడు పొరలో వచ్చే మెనింజియోమా కూడా అంతే. ఇటు ఇన్సులినోమా, అంటే షుగర్ హఠాత్తుగా పడిపోయేలా చేసే గడ్డ, డోటాలో తరచూ కనబడదు, దానికి జీఎల్‌పీ-1 రిసెప్టర్‌ని వెతికే ఎక్సెండిన్ స్కాన్ వేరే ఉంది. అందుకే మెషీన్ ఎంత కొత్తది అనే దానికన్నా ఈ జబ్బు స్కాన్లు చూసిన డాక్టరు చదువుతున్నారా లేదా అన్నదే నేనైతే ముందు అడుగుతాను.

ఏర్పాట్ల విషయానికొస్తే ఎఫ్‌డీజీకి నాలుగు నుంచి ఆరు గంటలు ఏమీ తినకూడదు, షుగర్ 200 దాటితే సాధారణంగా వాయిదా వేస్తారు. డోటాకి ఈ పస్తులు అక్కర్లేదు గానీ నెలనెలా ఆక్ట్రియోటైడ్ (ఈ రిసెప్టర్లకే అతుక్కునే మందు) ఇంజెక్షన్ వేయించుకుంటున్నవాళ్ళు తర్వాతి డోసుకి సరిగ్గా ముందు స్కాన్ పెట్టించుకుంటే మంచిది. గాలియం అర్ధాయుష్షు (సగం తరిగిపోయే సమయం) 68 నిమిషాలే. గాలియం తీసే జనరేటర్ అనే పరికరం ఉన్న సెంటర్లోనే అప్పటికప్పుడు తయారవుతుంది కాబట్టి చాలాచోట్ల వారంలో ఫలానా రోజులే చేస్తారు. ఎఫ్‌డీజీకి 110 నిమిషాలు, దాన్ని తయారుచేసే సైక్లోట్రాన్ మెషీన్ ఉన్న చోటి నుంచి కార్లో తెచ్చుకోవచ్చు, అందుకే అది ఎక్కువ ఊళ్ళలో దొరుకుతుంది. దగ్గర్లో ఉంది కదా అని మాత్రం దాన్ని ఎంచుకోవద్దు, గ్రేడ్ 1 వాళ్ళు వారం ఆగి హైదరాబాద్ వెళ్ళి డోటా చేయించుకున్నా నష్టమేమీ ఉండదు, అది పరుగెత్తే జబ్బు కాదు.

డోటా అసలు విలువ వైద్యం దగ్గర తెలుస్తుంది. అదే పెప్టైడ్‌కి గాలియం బదులు ఇంకో రేడియోధార్మిక పదార్థం లుటీషియం-177 కడితే అది మందవుతుంది, వెళ్ళి అతుక్కున్న చోటే కణాన్ని కాలుస్తుంది. సాధారణంగా ఎనిమిది వారాలకొకటి చొప్పున నాలుగు డోసులు. 2017లో వచ్చిన నెటర్-1 ట్రయల్‌లో ఇది తీసుకున్నవాళ్ళలో 20 నెలలకి జబ్బు ముదరకుండా ఉన్నవాళ్ళు సుమారు 65 శాతం, ఆక్ట్రియోటైడ్ మాత్రమే ఎక్కువ డోసులో తీసుకున్నవాళ్ళలో 11 శాతం. స్కాన్‌లో గడ్డలు లివర్ కన్నా ఎక్కువ వెలిగితేనే ఈ వైద్యానికి పనికొస్తారు. ఎఫ్‌డీజీలో వెలిగి డోటాలో వెలగని గడ్డ ఉందంటే లుటీషియం అక్కడికి చేరదు, కీమో గురించి ఆలోచించాలి. రెండు స్కాన్లూ పక్కపక్కన పెట్టి చూస్తేనే ఇది బయటపడుతుంది.

ఇక ఫాలో-అప్. మూడు నెలలకోసారి డోటా చేయించమని పట్టుబట్టే కుటుంబాలున్నాయి, అనవసరం. సైజు పెరిగిందా తగ్గిందా అన్నది సీటీ లేదా ఎంఆర్ఐ చెప్తుంది, లివర్‌లో చిన్న మచ్చలకి ఎంఆర్ఐ ఇంకా నయం. సర్జరీ లేదా లుటీషియం అనుకున్నప్పుడు, సీటీకీ లక్షణాలకీ పొంతన కుదరనప్పుడు మళ్ళీ డోటా. రక్తంలో క్రోమోగ్రానిన్ (ఈ ట్యూమర్లు వదిలే ప్రోటీన్) పెరిగిందని కంగారుపడే ముందు, పాంటాప్ లాంటి గ్యాస్ మాత్ర వేసుకుంటున్నారేమో చూసుకోండి, అది కూడా పెంచేస్తుంది. ఏ స్కాన్ చేయించినా రిపోర్టు కాగితం ఒక్కటే తెచ్చుకోకుండా సీడీ అడిగి తీసుకోండి, రెండో ఆస్పత్రిలో పోల్చి చూడాల్సింది ఆ బొమ్మలనే.