పిల్లలకి ‘గాడ్ సేవ్ ది కింగ్’ కథ: లైబ్రరీ వర్క్‌షాప్ ఎలా ఉందంటే

లండన్‌లో మా ఏరియా లైబ్రరీ వాళ్లు శనివారం పొద్దున పిల్లల కోసం బ్రిటన్ జాతీయ గీతం మీద గంటన్నర వర్క్‌షాప్ పెట్టారు. పిల్లలకి టికెట్ 6 పౌండ్లు, తోడొచ్చిన పెద్దలకి ఫ్రీ. మా ఎనిమిదేళ్ల పాపని తీసుకెళ్లాను. మ్యాచ్‌ల ముందు ఈ పాట ఎన్నోసార్లు విన్నది గానీ, ఎందుకు పుట్టిందో దానికి ఎవరూ చెప్పలేదు.

టీచర్ తిన్నగా 1745లోకి తీసుకెళ్లిపోయింది. సింహాసనం మా నాన్నదే అంటూ, అంతకుముందు గద్దె దిగిపోయిన రాజవంశపు యువరాజు చార్లెస్ స్టువర్ట్ స్కాట్లాండ్‌లో సైన్యాన్ని కూడగట్టాడు. సెప్టెంబర్ 21న ప్రెస్టన్‌పాన్స్‌లో రెండో జార్జ్ రాజు సేనని ఓడించాడు. ఆ కబురు వచ్చిన కొద్ది రోజులకే లండన్‌లోని డ్రూరీ లేన్ థియేటర్‌లో నాటకం అయ్యాక ఈ పాట పాడారు. అప్పటికే ఉన్న బాణీని ఆ రోజు పాడేందుకు వీలుగా మలిచింది థామస్ ఆర్న్ అనే సంగీతకారుడు. రాజుని దేవుడు కాపాడాలి అన్నది ఉత్త పొగడ్త కాదనీ, శత్రువు రాజధాని మీదకి వస్తాడేమోనన్న భయంలో చేసుకున్న ప్రార్థన అనీ పిల్లలకి అక్కడే అర్థమైంది. అసలు రాసిందెవరో తెలియదని కూడా దాచకుండా చెప్పింది. అది నాకు చాలా నచ్చింది.

పాట నేర్పిన తీరు ఇంకా బాగుంది. నేను చిన్నప్పుడు కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను కాబట్టి చెవి అటే పోయింది. మూడు లెక్కల నడక, మొదటి దెబ్బ గట్టిగా. మొదటి భాగం ఆరు బార్లు (మూడు లెక్కలు కలిస్తే ఒక బార్), రెండోది ఎనిమిది. రెండూ సమానమే అనుకుని పిల్లలంతా చప్పట్లు ముందే ఆపేశారు! రాజుకి విజయం కోరే పాదం ఎక్కడ మొదలవుతుందో, సంతోషం, కీర్తి కోరే పాదం సరిగ్గా దానికి ఒక మెట్టు కింద ఎలా మొదలవుతుందో చేత్తో చూపించింది. అందరికన్నా పై స్వరం చివరి పాదంలో, దేవుణ్ణి పిలిచే చోట వస్తుంది. మా పాప దాన్ని మడమలెత్తి మరీ పాడింది.

తర్వాత యూరప్‌లోని చిన్న దేశం లీక్టెన్‌స్టైన్ జాతీయ గీతం ప్లే చేసి ఇది ఏ దేశానిది అంటే, అందరూ ఒకేసారి ‘మనదే’ అని అరిచారు. రెండింటికీ ట్యూన్ ఒకటే మరి. 2022లో రాణి పోయాక ‘క్వీన్’ ‘కింగ్’ అయిన సంగతి మాత్రం త్వరగా దాటేశారు.

లోటు ఒకటుంది. ‘మరి ఆ యువరాజు ఏమయ్యాడు?’ అని ఒక బాబు అడిగితే, టైమ్ అయిపోయిందన్నారు. 1746లో కల్లోడెన్‌లో అతను ఓడిపోయాడు, స్కాట్లాండ్ కొండ ప్రాంతమైన హైలాండ్స్ వాళ్లు చాలా నష్టపోయారు. అవతలి పక్షం కష్టం వినకుండా ఈ కథ పూర్తి కాదని నా అభిప్రాయం. పాపకి బస్సులో నేనే చెప్పాను.

ఏడేళ్లు దాటిన పిల్లలైతే తప్పకుండా తీసుకెళ్లండి. అంతకన్నా చిన్నవాళ్లు చరిత్ర భాగంలో కుదురుగా కూర్చోలేకపోయారు. ముందు వరసలో చోటు దొరికితే మ్యాప్ బాగా కనిపిస్తుంది.